జాకెట్టు కుట్టే చేతులకి పడవ కుట్టడం కష్టమా?

ఇంట్లో కుట్టుమిషను ఉండి, నాలుగు జాకెట్లు కుట్టిన అనుభవం ఉన్న ఆడవాళ్లు ఎవరైనా ఒక చిన్న పడవ చేసుకోగలరు. నవ్వించడానికి అంటున్న మాట కాదిది. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఈ వేసవి సెలవుల్లో మా ఇంటి వసారాలో ప్లైవుడ్‌తో కయాక్ అనే తేలిక పడవ చేసింది. కోతలు తనవి, కుట్లలో సగం నావి. ఆ ఆరు వారాల్లో చూసిన పనీ, చెవిన పడ్డ మాటలూ కలిసి నాకు కొన్ని అభిప్రాయాలు గట్టిపడ్డాయి. అవి మీ ముందు పెడదామని ఈ రాత.

మాది మార్కాపురం. పలకల ఊరుగా మీకు తెలిసే ఉంటుంది. వానల కోసం, వెలిగొండ నీళ్ల కోసం ఆకాశం వైపూ కాలువల వైపూ చూసే ప్రాంతం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగడానికి క్యాన్లు, ఎండాకాలంలో ట్యాంకర్లు. అలాంటి చోట పడవ అనేసరికి వీధి వీధంతా నవ్వింది. ఎదురింటి పెద్దమ్మయితే గేటు పట్టుకుని నిలబడి, "తాగేదానికే నీళ్లు లేవు, ఈ పడవ యాడ తిప్పుతావు తల్లీ?" అంది. మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, పెళ్లీడుకొచ్చిన పిల్ల చేతికి రంపం ఇచ్చారంట! కంప్యూటర్ కోర్సులో చేర్చకపోయారా?" అంది. ఇద్దరూ మా మేలు కోరేవాళ్లే. అందుకే వాళ్లకి చెప్పిన జవాబే మీకూ చెప్తాను.

కయాక్ అంటే ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే సన్నని పడవ. రెండు కొసలకీ ఆకు ఉన్న ఒకే తెడ్డుతో అటొకసారి ఇటొకసారి నీళ్లని తోసుకుంటూ పోవాలి. మాది పద్నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల పైచిలుకు వెడల్పు. మామూలు కొయ్య పడవకి ముందు ఎముకల గూడులా చట్రం నిలబెట్టి, దాని మీద పలకలు బిగిస్తారు. అది తరాల తరబడి చేతికి వచ్చిన వడ్రంగం. ఈ ప్లైవుడ్ పడవకి ఆ చట్రం అక్కర్లేదు. కాగితం మీది కొలతల ప్రకారం 4 మి.మీ. మందం ప్లైవుడ్‌ని పొడుగాటి ముక్కలుగా కోసి, అంచుల వెంట నాలుగంగుళాలకో సన్న బెజ్జం వేసి, రాగి తీగతో ముక్కకీ ముక్కకీ కుట్టేయడమే. తీగ మెలితిప్పి బిగించే కొద్దీ చదునుగా ఉన్న చెక్క లేచి, వంపు తిరిగి, పడవ రూపానికి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మధ్యాహ్నం దాకా నేల మీద పడున్న చెక్కలు సాయంత్రానికి పడవై కూర్చున్నాయి!

ఆలోచిస్తే జాకెట్టులో జరిగేదీ ఇదేగా. బల్ల మీద పరిచిన గుడ్డ చదునుగానే ఉంటుంది. వంపుగా కత్తిరించిన అంచుని ఇంకో రకం వంపున్న అంచుకి కలిపి కుట్టేసరికి, నాలుగు డార్టులు పడేసరికి, అది ఒంటి ఆకారానికి తిరుగుతుంది. ఆకారం గుడ్డలో ఉండదు, కత్తిరింపులో ఉంటుంది. పడవకీ అంతే. ఒక్కటే తేడా. గుడ్డని ఏటవాలుగా లాగితే సాగుతుంది, ప్లైవుడ్ సాగదు. తాటాకులా ఒకవైపుకే వంగుతుంది. ఒకేసారి రెండువైపులా వంచబోతే ఫట్‌మని విరుగుతుంది. కాబట్టి కొలత గీసేటప్పుడే ఆ సంగతి గుర్తుంచుకోవాలి. చేతుల్ని ముందే అతికించేసి తర్వాత చంక సరిచేద్దామనుకుంటే జాకెట్టు ఎలా పాడవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో చమత్కారం. ఆ రాగి తీగ కుట్లు శాశ్వతం కావు. అవి మన కచ్చా కుట్లు. కుట్టిన సందుల్లో లోపలివైపు ఎపాక్సీ బంకలో రంపపు పొట్టు కలిపి పట్టించి, దాని మీద గాజు నారతో నేసిన పట్టీ అతికించి, గట్టిపడ్డాక తీగల్ని తీసేయడమో, కత్తిరించి నున్నగా రుద్దడమో చేయాలి. తర్వాత పడవని బోర్లా తిప్పి బయటివైపు అంచులు గుండ్రంగా రుద్ది, మళ్లీ పట్టీ వేయాలి. చీరకి ఫాల్ వేసినట్టే. అసలు బలం ఆ పట్టీలదీ బంకదీ.

ఇదంతా కొత్తగా విదేశాల నుంచి దిగిన విద్య అనుకునేరు. కయాక్ పుట్టింది ఉత్తర ధ్రువం దగ్గరి మంచు ప్రాంతాల్లో, ఇన్యూట్ జాతివాళ్ల ఇళ్లలో. అక్కడ చెట్లు ఉండవు. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో మగవాళ్లు చట్రం కడితే, దాని మీద సీల్ జంతువుల తోళ్లు కుట్టి కప్పింది ఆడవాళ్లు. సూది తోలు మందంలోనే తిరగాలి తప్ప అవతలికి పొడుచుకు రాకూడదు. వస్తే ఆ బెజ్జంలోంచి నీరు కారుతుంది, గడ్డకట్టే సముద్రంలో మగడి ప్రాణం పోతుంది. అంటే వేటకి వెళ్లినవాడి ప్రాణం ఇంట్లో ఇల్లాలు వేసిన కుట్టు మీద ఆధారపడి ఉండేది. కయాక్ కొలతలు కూడా ఎక్కేవాడి ఒంటిని బట్టే తీసేవారు. పొడవు ఇన్ని బారలు, వెడల్పు నడుం కన్నా ఇన్ని పిడికిళ్లు ఎక్కువ అని. ఒకరికి కుట్టినది ఇంకొకరికి సరిగ్గా పట్టదు. వాళ్లకి ఉమియాక్ అని ఇంకో పెద్ద పడవ ఉండేది. పిల్లల్నీ సామాన్లనీ ఎక్కించుకుని ఆడవాళ్లే తెడ్లు వేసి నడిపేవారు కాబట్టి గ్రీన్‌లాండ్‌లో దాన్ని ఆడవాళ్ల పడవ అనే పిలిచేవారు.

మన దగ్గరా కుట్టు పడవలు తక్కువేం కాదు. మన కోరమాండల్ తీరంలో మసులా పడవలని ఉండేవి. పలకల్ని మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగిపడే అలల దెబ్బకి మేకులు కొట్టిన పడవ పగిలితే, కుట్టు పడవ కాస్త ఒదిగి దెబ్బ కాచుకుంటుంది. మద్రాసుకి రేవు లేని రోజుల్లో, దూరంగా లంగరు వేసిన ఓడల్లోంచి దొరల్నీ దొరసానుల్నీ ఒడ్డుకి చేర్చింది ఆ పడవలే. ఈమధ్య మన నౌకాదళం కూడా అజంతా చిత్రంలోని పాత ఓడ ఆధారంగా కొబ్బరి తాడుతో పలకలు కుట్టించి ఓడ కట్టించింది. దాని పేరు కౌండిన్య. 2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలో చేరింది.

ప్లైవుడ్‌ని తీగతో కుట్టే పద్ధతి బాగా పాకింది మాత్రం ఇంగ్లండులో. 1963లో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ వచ్చింది. ఓడల లెక్క తెలిసిన జాక్ హోల్ట్, టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే బారీ బక్‌నెల్ కలిసి దాన్ని తయారుచేశారు. డైలీ మిర్రర్ పత్రిక వెనకుండి నడిపింది కాబట్టి ఆ పేరు, ఆ ఎర్ర తెరచాప. అప్పటిదాకా పడవ అంటే డబ్బున్నవాళ్ల సరదా. మామూలు ఉద్యోగస్తులు ముక్కలుగా కొనుక్కుని ఇంటి షెడ్డులో కుట్టుకునేసరికి ఆ పడవలు 70,000 దాటాయి. పడవ తయారీని వడ్రంగి కొట్టులోంచి ఇంటిలోకి తెచ్చింది కుట్టే. ఈ ముక్క నాకు చాలా నచ్చింది.

ఇక మా ఇంట్లో పని ఎలా సాగిందో చెప్తాను. ప్రయత్నించాలనుకునే వాళ్లకి పనికొస్తుంది.

ప్లైవుడ్ కొనేటప్పుడు అంగట్లో ప్రతిదాన్నీ మెరైన్ ప్లై అనే అంటారు. వంటింటి అలమరాలు చేయించిన వాళ్లకి ఈ అనుభవం ఉంటుంది. షీటు మీద ఐ.ఎస్. 710 అన్న ముద్ర ఉండాలి. ఆ రకం ప్లైవుడ్‌లో పొరలు విడిపోకూడదు, 72 గంటలు ఉడికించినా సరే. ముద్రని కూడా నమ్మబుద్ధి కాకపోతే వంటింటి పరీక్ష ఒకటుంది. చిన్న ముక్క కోయించుకొచ్చి, పనికిరాని గిన్నెలో గంటసేపు మరిగించి, ఎండబెట్టి, మళ్లీ మరిగించాలి. పొరలు ఉబ్బి విచ్చుకుంటే అది పడవకి పనికిరాదు. మేము రెండు కొట్ల ముక్కలు ఉడకబెట్టాం. ఒకటి ఉల్లిపాయలా విడిపోయింది, ఒకటి నిలిచింది. "అమ్మా, ఈ పప్పు ఉడకలేదు, ఇదే కావాలి" అని మా అమ్మాయి ఒకటే నవ్వు.

షీటు పొడవు ఎనిమిది అడుగులే. పద్నాలుగు అడుగుల ముక్క కావాలంటే రెండు షీట్ల అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి అతికించాలి. మందానికి ఎనిమిది రెట్లు, అంటే 4 మి.మీ. చెక్కకి 32 మి.మీ. వాలు. చిత్రిక పట్టే కొద్దీ లోపలి పొరలు చీర అంచు చారల్లా బయటపడతాయి. ఆ చారలు తిన్నగా ఉంటే వాలు సరిగ్గా వచ్చినట్టు, వంకర పోతే చెయ్యి వంకర పోయినట్టు. ఇది మా వీధి చివరి ఆచారి గారు నేర్పారు. మొదటిరోజు ఆయన కూడా నవ్వారు. మూడోరోజు తన మంచి చిత్రిక తనే తెచ్చి ఇచ్చి, "అమ్మాయ్, బలంతో కాదు, బరువుతో తొయ్యి" అన్నారు. ఆ ఒక్క మాటతో పని సులువైంది.

రాగి తీగ కోసం తిరగక్కర్లేదు. మా కరువు ప్రాంతంలో బోర్లు ఎక్కువ, కాలిపోయే మోటార్లూ ఎక్కువ. కాబట్టి మోటారు వైండింగ్ కొట్టు ప్రతి సందులోనూ ఉంటుంది. అక్కడ కిలోల లెక్కన దొరుకుతుంది.

ఎపాక్సీ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇది రెండు డబ్బాల మందు, కంపెనీవాళ్లు చెప్పిన పాళ్లలో తూచి కలపాలి. గట్టిపడే మందు ఇంకాస్త ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుందనుకోవడం తప్పు. పాళ్లు తప్పితే ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. అంచుల్లో పట్టించడానికి రంపపు పొట్టు కలిపేటప్పుడు మాకు కుదిరిన కొలత గట్టి పల్లీ చట్నీ. గరిటె ఎత్తితే జారకూడదు, పూస్తే చీలకూడదు. కలిపినప్పుడు అది తనంతట తానే వేడెక్కుతుంది. లోతైన మగ్గులో ఎక్కువ కలిపి పెడితే పొగలొచ్చేస్తుంది. మా ఎండలకి మరీను. అందుకని కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పరవాలి. అతుకుల పని తెల్లవారుజామున, పైపూత పని సాయంత్రం. చెక్క వేడెక్కేటప్పుడు పూత వేస్తే లోపలి గాలి బయటకి తన్ని బుడగలు వస్తాయి, చల్లారేటప్పుడు వేస్తే రావు. చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు, ఒకసారి చర్మానికి పడకపోతే ఆ బాధ జీవితాంతం ఉండొచ్చు. ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు. ఈ పనికి వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. ఎపాక్సీ ఎండకి పాడవుతుంది కాబట్టి చివర్లో రంగు గానీ వార్నిష్ గానీ తప్పనిసరి.

అంతా అయ్యాక తూకం వేస్తే దాదాపు 20 కిలోలు. మన వంటింటి భాషలో చెప్పాలంటే ఖాళీ గ్యాస్ సిలిండర్ కన్నా కొంచెం ఎక్కువ, నిండు సిలిండర్ కన్నా చాలా తక్కువ. నిండు సిలిండర్‌ని దొర్లించుకుంటూ పొయ్యి దగ్గరికి చేర్చే మనకి అదో బరువా? మరి అంత పల్చటి చెక్క మనిషిని ఎలా మోస్తుందంటే, 55 కిలోల పిల్ల, 20 కిలోల పడవ కలిపి 75 కిలోలు. అది తేలాలంటే 75 లీటర్ల నీళ్లు పక్కకి తప్పుకుంటే చాలు. అంటే మనం రోజూ కొనే 20 లీటర్ల క్యాన్లు నాలుగు కూడా కాదు. ఇత్తడి బిందె మునగకుండా తేలే సూత్రమే. రెండు కొసల్లోనూ అడ్డుపలకలు పెట్టి గాలి గదులు మూసేశాం కాబట్టి నీళ్లు నిండినా పడవ అడుగుకి పోదు.

ఖర్చు సంగతి. ప్లైవుడ్ కన్నా ఎపాక్సీకే ఎక్కువైంది. మొత్తం కలిపి ఒక మంచి పెళ్లి పట్టుచీర దగ్గర ఆగింది. ఆ చీర మేం కొనలేదు, అంతే.

ఇప్పుడు అసలు అభ్యంతరాలకి వస్తాను.

ఇందులో మార్కులేవి, ఉద్యోగమేది అన్నది మొదటిది. లేవు. నిజమే. కానీ మన పిల్లలు పదిహేనేళ్లు చదివి, తమ చేత్తో మొదలుపెట్టి తమ చేత్తో ముగించిన వస్తువు ఒక్కటి చూపించమంటే తడుముకుంటారు. సగం కోసిన చెక్క తప్పుగా పోతే తిట్టడానికి మాస్టారు ఉండరు, మార్కు తగ్గదు, చెక్క మాత్రం పొట్టిదవుతుంది. మళ్లీ కొలిచి మళ్లీ కోయాలి. కొలతలో అర అంగుళం అబద్ధమాడితే సందు కనబడి తీరుతుంది. ఇలా వస్తువు నేర్పే చదువు వేరు. ఆడపిల్లలకి ఇది మరీ అవసరం అంటాను. ముగ్గు, అల్లిక, కుట్టు, వడియం, ఊరగాయ అన్నిట్లోనూ కొలతా నేర్పూ ఉన్నా, వాటికి కాలక్షేపం అని పేరు. అదే చెయ్యి అదే కొలతతో పడవ చేస్తే అబ్బో అంటారు. ఆ అబ్బో కుట్టు దగ్గరే మొదలవ్వాలని నా వాదన. పదిమందికి చెప్పలేకపోయినా కనీసం మన పిల్లలకి మనం చెప్పాలి. ఇది మీ అమ్మకి వచ్చిన విద్యే, పనిముట్టు మారింది అని.

మన దగ్గర నీళ్లేవి అన్నది రెండోది. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్యలో కంభం చెరువు ఉందన్న సంగతి మనమే మర్చిపోతున్నాం. గుండ్లకమ్మ మీద రెండు కొండల మధ్య 57 అడుగుల ఎత్తు కట్ట. నిండితే 7 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు, దాని కింద 10,000 ఎకరాలకి పైగా ఆయకట్టు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. విజయనగర రాజుల కాలంనాటి ఆ చెరువుని కట్టించింది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ రోజుల్లోనే విజయనగరం చూసిన పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు, అక్కడి జనం బుట్టలాంటి గుండ్రటి పడవల్లో ఏరు దాటుతారని, లోపల బెత్తు అల్లిక, బయట తోలు అని రాసిపెట్టాడు. అవి మన పుట్టిలే. కృష్ణా తుంగభద్రల మీద ఇప్పటికీ ఉన్నాయి, తోలు బదులు టార్పాలిన్ వచ్చింది. అల్లిక మీద తొడుగు కప్పి తేలడం మన తాతలనాటి విద్య. చెరువులు ఏటా నిండవు, నిజం. నిండిన ఏడు నీళ్లని చూసి సెల్ఫీ దిగి వచ్చేయడమేనా మనకీ చెరువుకీ ఉన్న బంధం?

మూడోది ఎవరూ గట్టిగా అనరు, అందరి కడుపులోనూ ఉంటుంది. భయం. 2017 నవంబరు 12న కార్తీక మాసం ఆదివారం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది మన ఒంగోలు వాళ్లు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ మునిగింది. మన జిల్లా ఆడవాళ్లు పడవ పేరెత్తితే గుండెల మీద చెయ్యి వేసుకోవడంలో తప్పేమీ లేదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ భయంతోనే మా ఇంట్లో ఒక షరతు పెట్టాను. ఈత వచ్చేదాకా పడవ నీళ్లలోకి దిగదు, లైఫ్ జాకెట్ లేకుండా ఎప్పుడూ దిగదు.

అక్కడ తెలిసింది అసలు లోటు. పడవ ఆరు వారాల్లో అయిపోయింది. ఈత నేర్పే చోటు కోసం అంతకన్నా ఎక్కువే తిరిగాం. మగపిల్లలకి ఎక్కడో ఒకచోట దారి ఉంది. ఆడపిల్లకి అనేసరికి వేళ కుదరదు, నేర్పేవాళ్లు లేరు, చూసేవాళ్లు ఎక్కువ. వెనకటికి మగపిల్లలు నడుముకి ఎండు సొరబుర్రో బెండో కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చుకునేవారు. అప్పుడు కూడా ఆడపిల్లలు గట్టు మీదే. ఇప్పుడు బావులు ఎండి బోర్లు వచ్చాయి, మగపిల్లలకీ ఈత పోయింది. నీళ్లు తక్కువైన ప్రాంతంలో నీటి గండం తక్కువనుకుంటాం. నీళ్లతో పరిచయం లేని చోట ఒక్క వానకి నిండిన కుంట చాలు, పిల్లల్ని తీసుకుపోవడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021 ఒక్క ఏడాదిలో మూడు లక్షల మంది నీళ్లలో మునిగి పోయారు. వాళ్లందరూ పడవలెక్కిన వాళ్లు కారు.

చివరికి గిద్దలూరు వైపు మా అమ్మ వాళ్ల ఊళ్లో, మా మేనమామ తోటలో మెట్లున్న దిగుడు బావి దిక్కయింది. డెబ్బై దాటిన మనిషి, నడుముకి తాడు కట్టి, ఆ తాడు కొస తన చేతికి చుట్టుకుని, మెట్టు మీద కూర్చుని నేర్పాడు. మొదటి వారం మా అమ్మాయి ఒక్కతే, చుడీదార్‌లో, తెల్లారకముందే. రెండో వారానికి గట్టు మీద నలుగురు ఆడపిల్లలు చూస్తూ నిలబడ్డారు. మూడో వారానికి వాళ్లలో ఇద్దరు నీళ్లలో ఉన్నారు, వాళ్ల అమ్మలు గట్టు మీద తువ్వాళ్లు పట్టుకుని. ఆ అమ్మల్లో ఒకావిడ నాతో, "మాకెవురూ నేర్పలా అక్కా, దీనికన్నా రానీ" అంది. పడవ విషయంలో నన్ను కదిలించిన మాట అదొక్కటే.

కాబట్టి పడవ చేయడం గొప్ప విషయం అని చెప్పి ఊరుకోను. పడవ మన చేతిలో పని. కొలత తెలుసు, కుట్టు తెలుసు, ఓపిక తెలుసు. పాఠం చెప్పడానికి ఆచారి గారిలాంటి వాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు, అడగాలంతే. కానీ ఈత ఒక ఇంటి పని కాదు. దానికి బావి కావాలి, తెలిసిన మనిషి కావాలి, ఆడపిల్లలకి మరుగు, వేళ కావాలి. ఊళ్లో ఒక దిగుడు బావి పూడిక తీయించి, గట్టు సరిచేసి, వారానికి రెండు పూటలు ఆడపిల్లలకి కేటాయించమని పొదుపు సంఘాల మీటింగులో అడిగితే ఏం పోయింది? స్కూలు మీటింగులో మార్కుల గురించి అరగంట మాట్లాడే మనం, పిల్లలకి ఈత ఎక్కడ నేర్పుతారని ఒక్క నిమిషం అడగొచ్చుగా?

పడవ దించేవాళ్లకి ఇంకో మాట. చెరువు ఊరందరిదీ. చేపలు పట్టి బతికేవాళ్ల వలలు అందులో ఉంటాయి. ముందు అధికారుల్నీ, ఆ తర్వాత వలల వాళ్లనీ అడిగే దించాలి. లోతూ సుడీ ఎక్కడుందో వాళ్లకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం గాలి లేవకముందే, ఒడ్డు పక్కనే, ఒడ్డున ఒక మనిషి ఉండగా.

మా పడవ ఇప్పుడు వసారాలో దూలాలకి తాళ్లతో వేలాడుతోంది. మా అమ్మాయి ఆగకుండా బావిని పది చుట్లు ఈదిన రోజు దించుతామని ఒప్పందం. ప్రస్తుతానికి ఆరు దగ్గర ఉంది. ఆ పక్కింటి పిల్ల నాలుగు దగ్గర ఉంది.

మీ ఊళ్లో ఆడపిల్లలకి ఈత నేర్పే బావి గానీ, కొలను గానీ, మనిషి గానీ ఉంటే చెప్పండి. లేకపోతే, ఎందుకు లేదని మీ ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి.